పన్నెండు ఊపిర్లు

జనవరి 6

ఇరవై ఐదు మీటర్ల పూల్ దాటడానికి నాకు ఇరవై తొమ్మిది బారలు పట్టాయని మాకు ఈత నేర్పే విజిలమ్మ అందరూ వింటుండగా చెప్పింది. మెడలో విజిల్, చేతిలో స్టాప్ వాచీ, వయసు ముప్పై నాలుగు. నేను వాక్యం చెప్పడం మొదలుపెట్టేనాటికి ఆవిడ పదో తరగతి పరీక్షలు రాస్తూ ఉండి ఉంటుంది.

"అయ్యగారూ, మీరు ఈదడం లేదు. నీళ్ళతో దెబ్బలాడుతున్నారు. మీరెంత గట్టిగా కొడితే అవి అంత గట్టిగా ఆపుతాయి" అంది.

ఈ ఏడాది ఆవిడ పెట్టిన ఏర్పాటు ఇది. వారానికి నాలుగు రోజులు. అందులో రెండు రోజులు పద్ధతి మాత్రమే. తల దించడం, మోచెయ్యి ఎత్తిపెట్టడం, ఒక్కో బార తరవాత జారుతూ పోవడం. దమ్ము పెంచే పని మిగతా రెండు రోజులకే. పద్ధతి కుదరకుండా దమ్ము పెంచితే తప్పునే మరింత బలంగా చేయడం నేర్చుకుంటారట.

నేను లిఫ్టులు బాగుచేసి బతుకుతున్నాను. ఇనప తాడు అరిగితే తెలుస్తుంది, ఒళ్ళు అరిగితే తెలుస్తుంది, ఆత్మ అరగకపోతేనే తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా ఆదివారం ప్రార్థన హాల్లో నేను చెబుతున్నది ఒకటే మాట: సుఖపడుతూ ఎవడూ ఇరుకు దారిలో పట్టడు. ఆ మాట పూల్ దగ్గర మాత్రం అబద్ధమవుతుందా?

ఏప్రిల్ 26న పోటీ. నలుగురి రిలే, నలుగురి వయసూ కలిపి రెండు వందలు దాటాలి. నాది యాభై ఆరు. బావమరిది నలభై నాలుగు, ఆఖరి వంతు ఈదేది వాడే.

జనవరి 9

పోయిన ఏడాది సంగతి రాసుకోకూడదనుకున్నాను. రాస్తున్నాను.

వాడు నీళ్ళలోకి దూకేసరికి మేం మూడో స్థానంలో ఉన్నాం. ఇంకో పది మీటర్లు ఉందనగా ఊపిరి అందక తల పైకెత్తాడు, మళ్ళీ ఎత్తాడు, కాళ్ళు నేలకి ఆనించి నిలబడిపోయాడు. రిలేలో ఒకడు నిలబడిపోతే జట్టు మొత్తం ఓడినట్టే. గ్యాలరీలో ఎవరో నవ్వారు. బట్టలు మార్చుకునే గదిలో వాడు తువ్వాలు మొహం మీద కప్పుకుని అరగంట కూర్చున్నాడు. అప్పట్నుంచి హాల్లో ముందు వరసలో కూర్చోడు. వెనక, చెప్పుల దగ్గర కూర్చుంటాడు.

వాడు మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, మా మేడ మీద గదిలోనే ఉంటాడు. పళ్ళ డాక్టరు కోసం కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. వాడు చేసిన సెట్టు పెట్టుకుని నవ్వితే సొంత పళ్ళు ఏవో మనిషికే గుర్తుండదు. అంత కొలత తెలిసిన చేతులున్నవాడు పది మీటర్ల కోసం తల దించుకుని బతుకుతున్నాడు. వాడిని మళ్ళీ ముందు వరసకి తీసుకురావాలి. నేను ఈదేది అందుకే. పతకం కోసం కాదు. పతకం కోసం కానే కాదు.

జనవరి 19, ఆదివారం

ఇవాళ చెప్పిన ప్రసంగం శరీరాన్ని లోబరచుకోవడం మీద. బల్ల మీద గుద్దాను. మైకు పడింది. ఒక్కరూ నవ్వలేదు.

మంగళ, శుక్రవారాలు తెల్లవారి అయిదున్నరకే పూల్ తలుపులు తీస్తారని వాకబు చేశాను. ఆ వేళకి విజిలమ్మ రాదు. కాపలా కుర్రవాడొక్కడే ఉంటాడు, వాడు ఫోనులో తల దూర్చి కూర్చుంటాడు. బావమరిదితో చెప్పాను. వాడు సరే బావా అన్నాడు. వాడు నాకెప్పుడూ కాదనలేదు.

జనవరి 24

దూరం రెండు వేల నాలుగు వందలు. బారలు ఇరవై ఎనిమిది. భుజం సంగతి ఎత్తను.

జనవరి 31

దారి దొరికింది.

వాడి లోపం చేతుల్లో లేదు, కాళ్ళలో లేదు. భయంలో ఉంది. ఊపిరి అందదేమోనన్న భయం. భయానికి మందు వాక్యం. అందుకని ఇలా పెట్టాను: దిగేముందు గట్టున నిలబడి నీళ్ళ మీద దేవుని అధికారం గురించిన పన్నెండు వచనాలు, ఒక్కో వచనానికి ఒక్కో పెద్ద ఊపిరి. నిండా పీల్చాలి, మొత్తం వదలాలి, వేగంగా, గట్టిగా, ఆగకుండా. పన్నెండూ అయ్యాక మునగాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీటి అడుగునే, తల ఎత్తకుండా.

గ్రంథం ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టు మీద తెరిచి ఉంచాను. వచనాలు నాకు కంఠతా వచ్చు, తెరిచింది వాడి కోసం.

ఫిబ్రవరి 4

పని చేసింది. నేను పొడవంతా వెళ్ళాను. వాడూ వెళ్ళాడు. ఇన్నేళ్ళలో వాడి మొహం అలా వెలగడం నేను చూడలేదు.

"బావా, మధ్యలో ఊపిరి సంగతే గుర్తు రాలేదు. కావాలనే అనిపించలేదు" అన్నాడు.

అదీ శాంతి. అడిగినవాడికి దొరికే శాంతి. ఒంటికి ఉండే అతిపెద్ద కోరికే అణిగిపోయిందంటే ఇంకేం కావాలి? గదిలోకి వెళ్ళి ఒంటరిగా మోకరించాను. నేల తడిగా ఉంది. వేళ్ళ చివర్లు చాలాసేపు జివ్వుమంటూనే ఉన్నాయి. పెదాలు కూడా.

ఫిబ్రవరి 11

విజిలమ్మ చూసేసింది. ఏదో తాళం మరిచిపోయి తెల్లవారే వచ్చిందట. మేం పదో వచనంలో ఉన్నాం. మధ్యలో ఆపకూడదని నేను ఆపలేదు. ఆవిడ బూట్లతోనే గట్టు మీదికి వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది.

ఎప్పట్నుంచని అడిగింది. చెప్పాను. అరవలేదు. అరుస్తుందనుకున్నాను. బెంచీ మీద కూర్చోబెట్టింది, బడిపిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"ఊపిరి కావాలని మీకు చెప్పేది లోపల పేరుకునే చెడ్డ గాలి. గంట కొట్టేది అదే. మీరు ముందే గబగబా ఊది దాన్ని బయటికి పంపేస్తున్నారు. గంట కొట్టేవాడిని ఇంటికి పంపించేసి, గంట మోగలేదు కాబట్టి అంతా క్షేమం అంటున్నారు. కానీ మంచి గాలి మాత్రం అయిపోతూనే ఉంటుంది. అది అయిపోయిన క్షణాన మనిషి స్పృహ తప్పుతాడు. ముందు నొప్పి ఉండదు, గిలగిల్లాడడం ఉండదు. హాయిగానే ఉంటుంది. ఆ హాయిలోనే నీళ్ళు పీలుస్తాడు."

బావమరిది నావైపు చూశాడు. నేను గ్రంథం మూసి సంచిలో పెట్టుకున్నాను.

"అమ్మా, మీరు చెప్పేది గాలి గురించి. మేం చేసేది ప్రార్థన" అన్నాను.

"ప్రార్థన నేల మీద చేసుకోండి అయ్యగారూ. ఈయనకి కావలసింది ఊపిరి బిగపట్టడం కాదు, ఊపిరి తీసుకోవడం. తల పక్కకి తిప్పాలి, పైకి ఎత్తకూడదు. ఆ ఒక్కటీ నెల రోజుల్లో నేర్పిస్తాను" అంది.

ఇంకోసారి చూస్తే మా పూల్ కార్డులు లాగేసుకుంటానంది. సరేనన్నాను.

ఫిబ్రవరి 12

ఆవిడకి విశ్వాసం లేదు.

ఫిబ్రవరి 13

ఆవిడకి విశ్వాసం లేదని నిన్న రాశాను. అదే నిజం. అయినా ఇవాళ లిఫ్టు గొయ్యిలో దిగి పనిచేస్తుంటే పైన ఎవరో తలుపు మూశారు. చీకట్లో నాకు తెలియకుండానే ఊపిరి బిగపట్టాను. ఎందుకు పట్టానో తెలియలేదు.

ఫిబ్రవరి 21

శుక్రవారం. ఆవిడ రాదని కాపలా కుర్రవాడు చెప్పాడు.

ఇది ఎవరికీ చెప్పకూడదేమో. చెప్పాలేమో. ముందు రాసుకుంటాను.

పన్నెండు వచనాలు అయ్యాయి. మునిగాను. మొదటి పొడవు దాటి తిరిగాను. రెండో పొడవు సగంలో పూల్ అడుగున ఉన్న నీలం గీత వెడల్పయింది. వెడల్పవుతూ తెల్లబడింది. భుజం నొప్పి లేదు. చప్పుడు లేదు. నేనున్నానన్న బరువు లేదు. అంతా వెలుగు, నాలుగు వైపులా, పైనా కిందా, ఎక్కడా అంచు లేదు.

తరవాత నా గడ్డం గట్టు పలక మీద ఉంది. బావమరిది చెయ్యి నా జుట్టులో ఉంది. పెదవి చీలింది. వాడు ఏడుస్తున్నాడు.

"ఏమైంది బావా, ఏమైంది" అని అడుగుతున్నాడు.

చూశాను అన్నాను. ఏం చూశావు అన్నాడు.

వెలుగు అన్నాను.

పెదవి ఎలా తెగిందని మా ఆవిడ అడిగితే గడ్డం గీసుకుంటుంటే తెగిందని చెప్పాను. ఆవిడ బ్లేడు తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

సాక్ష్యం చెప్పాను. చెప్పాలనుకోలేదు, మాట దానంతటదే పొంగింది. ఊపిరి కూడా మనిషికి బంధకమేనని, దాన్ని విడిచినచోట తలుపుల్లేని వెలుగు ఉందని, నా కళ్ళతో నేను చూశానని చెప్పాను. ముసలివాళ్ళు ఏడ్చారు. హాలు కింద ఇనుప సామాన్ల కొట్టువాడు కూడా మెట్ల మీదికి వచ్చి నిలబడి విన్నాడట.

బావమరిది ముందు వరసలో కూర్చున్నాడు.

మార్చి 4

విజిలమ్మ మాట నిలబెట్టుకుంది. వాడు తల పక్కకి తిప్పడం నేర్చుకున్నాడు. బారలు ఇరవై ఒకటికి దిగాయి. యాభై మీటర్లు ముప్పై ఎనిమిది సెకన్లలో కొట్టాడు, మామూలుగా ఊపిరి తీసుకుంటూ. ఆఖరి పది మీటర్లలో వాడు జారుతూ వస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

"ఇదీ పద్ధతంటే. ఇప్పుడు దీనిమీద కొంచెం కొంచెంగా దమ్ము కడదాం" అంది ఆవిడ. నన్ను చూసి కూడా నవ్వింది. నా బారలు ఇరవై అయిదు.

గదిలో వాడు చెవిలో అన్నాడు: "ఇదంతా ఆ పన్నెండింటి మహిమే కదా బావా."

కాదనడానికి అదే సమయం. తువ్వాలు పిండుకుంటూ నిలబడ్డాను.

"నాకు మాత్రం ఇంకా కనపడలేదు. పొడవు దాటగానే పైకి వచ్చేస్తున్నాను. విశ్వాసం చాలడం లేదేమో" అన్నాడు.

ప్రార్థిద్దాం అన్నాను.

మార్చి 7

శుక్రవారం. నేను వెళ్ళలేదు. ఆసుపత్రి కొత్త భవనంలో లిఫ్టు ఇరుక్కుందని అయిదింటికి ఫోను వచ్చింది. వాడిని కూడా వెళ్ళొద్దన్నాను.

మార్చి 9

వెళ్ళొద్దనే అన్నాను.

మార్చి 12

అయిదు రోజులుగా వాడు గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు. కాపలా కుర్రవాడు ఫోను నుంచి తలెత్తి చూసేసరికి వాడు పూల్ అడుగున, మధ్య గీత మీద బోర్లా ఉన్నాడట. ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు.

అంతకుముందు ఏం చేస్తున్నాడని డాక్టరు అడిగాడు. సాధన అన్నాను. ఎలాంటి సాధన అన్నాడు. ఈత సాధన అన్నాను. విజిలమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నేను చెబుతానేమోనని కాసేపు చూసింది. తరవాత ఆవిడే చెప్పింది, మొత్తం, పన్నెండు అన్న లెక్కతో సహా. డాక్టరు రాసుకుంటూ ఒక్కసారి తలెత్తి నావైపు చూశాడు.

రాత్రి షిఫ్టు నుంచి తిన్నగా వచ్చిన మా ఆవిడ వాడి సామాన్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందులోంచి వాడి ఫోను తీసి నా చేతికిచ్చింది. ఆరోజు తెల్లవారి అయిదుంపావుకి నేను పంపిన మాట అలాగే ఉంది.

నేను రాలేను. నువ్వు మానకు.

"మీరు వద్దన్నారని చెప్పారు నాతో" అంది.

అలాగే గుర్తుంది నాకు. దేవుడి ఎదుట నిలబెట్టి అడిగినా అలాగే చెప్పి ఉండేవాణ్ణి. అదే భయంగా ఉంది.

మార్చి 15

కళ్ళు తెరిచాడు. గొట్టం తీశారు. మా ఆవిడని గుర్తుపట్టాడు, నన్ను గుర్తుపట్టాడు. కొన్ని మాటలు మాత్రం దొరకడం లేదు. గ్లాసు అనడానికి వేళ్ళతో గుండ్రం చుట్టి చూపించాడు. తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు, మళ్ళీ ఒక్కసారి ఇలా జరిగితే మాత్రం మిగలడు అని డాక్టరు చెప్పాడు.

మా ఆవిడ బయటికి వెళ్ళాక వాడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. చెవి వాడి నోటి దగ్గర పెట్టాను.

"నేనూ చూశాను బావా."

మార్చి 16

చెప్పాను. మంచం పక్కన కూర్చుని చెప్పాను. అది వెలుగు కాదురా, బుర్రకి గాలి అందక కళ్ళు చేసిన మోసం. నేను స్పృహ తప్పాను, నువ్వు జుట్టు పట్టి లాగకపోతే చచ్చేవాణ్ణి. అంతే. నేను చెప్పిన సాక్ష్యం తప్పు. నాది తప్పు.

వాడు నా చెయ్యి నిమిరాడు. రోగి నేనే అయినట్టు.

"నన్ను పరీక్షిస్తున్నావు. పర్వాలేదు" అన్నాడు. మాటలు వెతుక్కుంటూ, నెమ్మదిగా. "నువ్వు హాల్లో అబద్ధం చెప్పవు కదా."

చెప్పను. పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట మీదే నిలబడ్డాను.

మార్చి 23, ఆదివారం

హాల్లో నిలబడి అన్నీ చెప్పాను. గంట కొట్టేవాడి మాట కూడా విజిలమ్మ చెప్పినట్టే చెప్పాను. బల్ల గుద్దలేదు. ఎవరూ మునగవద్దని బతిమాలాను.

అందరూ ఆమేన్ అన్నారు. బయటికి వస్తుంటే ఒక ముసలావిడ నా చెయ్యి కళ్ళకద్దుకుని, అంత గొప్పది చూసి కూడా ఎంత తగ్గించుకున్నావు నాయనా అంది.

మంట పెట్టడం నాకు వచ్చు. ఆర్పడం నాకెవరూ నేర్పలేదు. నేర్పేవాళ్ళ దగ్గరికి నేనెప్పుడూ వెళ్ళలేదు.

మార్చి 29

ఇంటికి తెచ్చాం. పూల్‌లో ఇక మా ఇద్దరికీ చోటు లేదు, కార్డులు తీసేసుకున్నారు. రిలే నుంచి జట్టు పేరు కొట్టేయించింది విజిలమ్మ. ఆవిడ మీద విచారణ జరుగుతోందట. నా సంతకంతో కాగితం రాసిచ్చాను, తప్పు ఆవిడది కాదని. తీసుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకుంది.

"ఈ కాగితం సంగతి నేను చూసుకుంటాను. మీరు ఆయన్ని చూసుకోండి. ఆ హాయి ఒకసారి తెలిసినవాళ్ళు మళ్ళీ వెతుక్కుంటారు. నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలకండి" అంది.

పూల్ లేదు కదా అన్నాను.

మీ ఇంట్లో నీళ్ళు లేవా అంది.

మార్చి 30

మేడ మీద స్నానాల గదిలో టబ్బు ఉంది. ఈ ఇల్లు కొన్నప్పట్నుంచీ ఉంది, అందులో బట్టలు నానబెట్టడం తప్ప ఎవరూ ఏమీ చెయ్యలేదు. వాడు పొద్దున వెళ్ళి ముప్పావుగంట రాలేదు. మా ఆవిడ తలుపు కొడితే నవ్వుతూ బయటికి వచ్చాడు. జుట్టంతా తడి. చెవుల దాకా కాదు, జుట్టంతా.

నేను స్క్రూ డ్రైవరు తెచ్చి తలుపు గడియ విప్పుతుంటే పక్కనే నిలబడి స్క్రూలు అరచేతిలో పట్టుకున్నాడు. ఒక్కటీ కింద పడనివ్వలేదు.

"తీసెయ్యి బావా. నువ్వు చూపించినదానికి తలుపుల్లేవు కదా" అన్నాడు.

ఏప్రిల్ 1

టబ్బు అడుగున నీళ్ళు ఆపే బిరడా పీకి నా పనిముట్ల పెట్టెలో వేసి తాళం పెట్టాను.

ఏప్రిల్ 3

టబ్బు నిండుగా ఉంది. చెయ్యి పెట్టి తడిమితే అడుగున కొత్త బిరడా దొరికింది. చిగుళ్ళ రంగు. కట్టుడు పళ్ళ సరుకుతో తనే అచ్చు పోసుకున్నాడు. చుక్క కారడం లేదు, కొలత అంత బాగా కుదిరింది. నా చేతిలో అది ఇంకా వెచ్చగా ఉన్నట్టు అనిపించింది.

దగ్గర కూర్చుని మళ్ళీ చెప్పాను. గ్రంథం తీసి ప్రాణం నిలుపుకోమని ఉన్న మాటలన్నీ చదివాను. వాడు ప్రతి మాటకీ తలూపాడు. ఎంత చదివితే అంత ప్రేమగా చూశాడు. నేను నోరు తెరిచిన ప్రతిసారీ వాడికి ఆ రోజు హాల్లో చెప్పిన సాక్ష్యమే వినిపిస్తోంది.

టబ్బు తీయించడానికి మనిషిని మాట్లాడాను. సోమవారం వస్తానన్నాడు.

ఏప్రిల్ 4

సోమవారం దాకా మా ఆవిడా నేనూ వంతులు వేసుకున్నాం. స్నానం మానమనలేం, డాక్టరు శుభ్రంగా ఉంచమన్నాడు. టబ్బు ఖాళీ చేసి బకెట్టు పెట్టాం. అయినా లోపలికి వెళ్ళాక పాడుతూ ఉండాలని ఒప్పందం చేసుకున్నాను. పాట ఆగితే నేను లోపలికి వస్తాను. వాడు చిన్నపిల్లాడిలా నవ్వి ఒప్పుకున్నాడు.

మా ఆవిడ వంట చేస్తోంది. నేను తలుపు బయట కుర్చీ వేసుకున్నాను. ఒళ్ళో గ్రంథం ఉంది, తెరవలేదు. వాడికి పాట మాటలు సగం దొరకవు. దొరకనిచోట రాగం తీస్తాడు. వాడి రాగం వింటూ కూర్చున్నాను. మనసు ఎటో వెళ్ళింది. విజిలమ్మ పద్ధతిలో వాడు జారుతూ వచ్చిన ఆఖరి పది మీటర్లు కళ్ళముందు కదులుతున్నాయి.

చప్పుడు లేదని కాసేపటికి తెలిసింది.

తలుపు తోసుకుని వెళ్ళాను. కుర్చీ పడిపోయింది. వాడు బకెట్టు పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు పొడిగానే ఉంది, నీళ్ళు ముట్టుకోనే లేదు. గోడకి ఆనించి పెట్టిన ఫోనులో అంకెలు పరుగెడుతున్నాయి. వేలితో ఆపాడు.

"పాట ఆపాక నువ్వు రావడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది బావా" అన్నాడు.

ఇంకెప్పుడూ ఆలస్యం చెయ్యనురా అన్నాను. అక్కడే నేల మీద కూర్చున్నాను.

ఫర్వాలేదు, తెలుసుకుందామనే చూశానన్నాడు. నా భుజం తట్టి, అక్కని నీళ్ళు కొంచెం వేడి చెయ్యమనమన్నాడు.